ఆర్డర్ 40 బస్తాలు, దిగినవి 80: వెబ్ ఫారాల్లో గెట్, పోస్ట్ సంగతి

(నెల్లూరులో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

కూర్చోండి, కూర్చోండి. నాకు భోజనాల తర్వాతి సెషన్ ఇచ్చారు. మెస్సులో చేపల పులుసు అని కూడా విన్నాను. కాబట్టి నిద్రపోయేవాళ్ల మీద నాకేం కోపం లేదు. వెనక బెంచీల్లో హాయిగా పడుకోండి, ముందు వరసవాళ్లు మాత్రం కొంచెం నా పరువు కాపాడండి.

ముందు ఒక మాట అడుగుతాను, నిజం చెప్పాలి. ఫ్లాస్క్‌లో గానీ జాంగోలో గానీ, అంటే పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఆ రెండు ఫ్రేమ్‌వర్కుల్లో, ఫారం రాసినవాళ్లు ఎంతమంది? సరే, సగానికి పైనే ఉన్నారు. ఇప్పుడు రెండోది. సబ్మిట్ కొట్టగానే '405 మెథడ్ నాట్ అలౌడ్' అని వస్తే, నెట్‌లో వెతికి, రూట్ పక్కన, అంటే ఏ అడ్రసుకి ఏ ఫంక్షనో చెప్పే లైన్లో, మెథడ్స్ ఈక్వల్ టు గెట్, పోస్ట్ అని అతికించి, 'హమ్మయ్య, పనిచేసింది' అని లాప్‌టాప్ మూసేసినవాళ్లు ఎంతమంది? దించకండి, దించకండి, చూడనివ్వండి. చూశారా, నా చెయ్యి కూడా లేచే ఉంది. నేనూ అదే చేశాను. చాలా ఏళ్లు అదే చేశాను. ఇవాళ చెప్పేదంతా ఆ అతికించిన లైను గురించే. అందులోని గెట్, పోస్ట్ అనేవి బ్రౌజర్ సర్వర్‌ని అడిగే రెండు పద్ధతులు, అంటే మెథడ్‌లు.

మాది ఒంగోలు వైపు. పని మాత్రం ఎక్కువగా మీ జిల్లాలోనే చేశాను. ఇందుకూరుపేట వైపు ఒకాయనకి రొయ్యల మేత దుకాణం ఉంది. రైతులు చెప్పిన బస్తాలు రాసుకుని డిపోకి ఆర్డర్ పెట్టడం ఆయన పని. అంతకుముందు కాగితం మీద రాసి, ఫోన్లో చదివేవాడు. నేను వెళ్లి 'అన్నా, వెబ్‌లో పెట్టేద్దాం' అని ఒక ఫారం చేసిచ్చాను. మేత నంబరు, బస్తాలు ఎన్ని, ఏ గుంటకి. అంతే, మూడు పెట్టెలు, ఒక బటన్.

నెల తిరక్కముందే ఫోన్ వచ్చింది. 'ఏందబ్బయా ఇది, 40 బస్తాలు కొడితే లారీలో 80 దిగినాయే!' అని. పాతిక కిలోల బస్తాలు. ఎక్కువొచ్చిన 40 బస్తాలు ఎక్కడ పెట్టుకోవాలి? వర్షాకాలం. మేత తడిస్తే బూజు పడుతుంది, బూజు పట్టిన మేత గుంటలో వెయ్యలేం. నేనేమన్నాను? 'రెండుసార్లు నొక్కుంటారన్నా' అన్నాను. మనం అనే మొదటి మాట అదే కదా. తప్పు వాడినవాడిది. ఆయన ఒట్టేశాడు, ఒక్కసారే నొక్కానని.

ఆయన చెప్పింది నిజమే. బటన్ ఒక్కసారే నొక్కాడు. నెట్ సరిగ్గా లేక పేజీ సగం వచ్చి ఆగిపోయింది. ఏం చేస్తాం? పైన గుండ్రంగా బాణం ఉంటుంది కదా, అది నొక్కాడు. రీఫ్రెష్. బ్రౌజర్ ఇంగ్లీషులో ఏదో అడిగింది, 'ఫారం మళ్లీ పంపమంటారా' అని. ఆయన కంటిన్యూ అన్నాడు. మీరైతే ఏమంటారు? మనమందరం కంటిన్యూనే అంటాం.

తప్పెవరిది? ఆయనది కాదు. బ్రౌజర్‌ది కాదు, అది పాపం అడిగింది కూడా. తప్పు నాది. ఎందుకు నాదో తెలియాలంటే ఫారం సబ్మిట్ చేసినప్పుడు తీగలో ఏం పోతుందో చూడాలి.

ఫారం ట్యాగులో మెథడ్ అని ఒక మాట రాస్తాం. రాయకపోతే గెట్ అనుకుంటుంది బ్రౌజర్. గెట్ అయితే మీరు నింపినవన్నీ అడ్రసు చివరికి వెళ్తాయి. స్లాష్ ధరలు, ప్రశ్నార్థకం, ఊరు ఈక్వల్ టు కావలి, యాండ్ గుర్తు, కౌంట్ ఈక్వల్ టు 40. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. మొదటి లైన్లోనే అంతా అయిపోయింది. పోస్ట్ అయితే? మొదటి లైన్లో అడ్రసు మాత్రం ఉంటుంది, కింద హెడర్లు, ఆ తర్వాత ఒక ఖాళీ లైను, ఆ ఖాళీ లైను కింద మీ డేటా. పోస్టుకార్డుకీ కవరుకీ ఉన్న తేడా అంటారు చాలామంది. నేనొప్పుకోను. కవరంటే లోపలున్నది కనపడదనుకుంటారు. కనపడుతుంది. హెచ్‌టీటీపీఎస్, అంటే పంపేదానికి వేసే తాళం, లేకపోతే దారిలో ఉన్నవాడు రెండూ చదువుతాడు. హెచ్‌టీటీపీఎస్ ఉంటే దారిలోవాడు రెండూ చదవలేడు. మరి పాస్‌వర్డ్ గెట్‌లో పంపొద్దని ఎందుకంటారు? దారిలో దొంగల గురించి కాదు. అడ్రసు బ్రౌజర్ హిస్టరీలో మిగిలిపోతుంది, సర్వర్ లాగుల్లో మిగిలిపోతుంది. నెట్ సెంటర్లో మీ తర్వాత కూర్చున్నవాడు 'లాగిన్' అని టైపు చేయగానే మీ పాస్‌వర్డుతో సహా వచ్చేస్తుంది.

కానీ డేటా ఎక్కడ పెడతాం అన్నది చిన్న తేడా. అసలు తేడా వేరే ఉంది.

బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతిని హెచ్‌టీటీపీ అంటారు. 1991లో, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ మొదట చేసిన హెచ్‌టీటీపీలో ఉన్నది ఒక్క గెట్టే. రిక్వెస్ట్ అంటే ఒక్క లైను. పేజీ ఇవ్వు, అంతే. 1996లో వచ్చిన 1.0 పత్రంలో గెట్, హెడ్, పోస్ట్ ఉన్నాయి. హెడ్ అంటే పేజీ వద్దు, హెడర్లు మాత్రం ఇవ్వు అని. పుట్, డిలీట్ 1.1లోకి వచ్చాయి. ఉన్నదాంట్లో కొంత మార్చే ప్యాచ్ 2010లో విడిగా వచ్చింది. ఇప్పుడు మనం చూడాల్సిన హెచ్‌టీటీపీ నియమాల పత్రం ఆర్ఎఫ్‌సీ 9110, 2022 నాటిది. అందులో రెండు మాటలున్నాయి. ఇవాళ మిగతాదంతా మర్చిపోండి, ఈ రెండు గుర్తుంటే చాలు. ఒకటి సేఫ్, రెండోది ఐడెంపొటెంట్.

సేఫ్ అంటే సెక్యూరిటీ కాదు. సేఫ్ అంటే 'నేను చూసిపోవడానికే వచ్చాను, ఏదీ మార్చమని అడగడం లేదు' అని. గెట్, హెడ్ సేఫ్. పోస్ట్ కాదు.

ఐడెంపొటెంట్. పలకడానికి నోరు తిరగదు గానీ సంగతి చిన్నది. ఒకసారి అడిగినా పదిసార్లు అడిగినా చివరికి మిగిలేది ఒకటే అని. ఇంట్లో బియ్యం డబ్బా ఉంది. అమ్మ 'డబ్బాలో 5 కిలోలు ఉండేట్టు చూడు నాయనా' అంది. మీరు చూశారు. వినపడలేదేమోనని మళ్లీ అంది. మీరు మళ్లీ చూశారు. ఎన్ని? 5 కిలోలే. అది పుట్. అదే అమ్మ 'డబ్బాలో ఇంకో 5 కిలోలు పొయ్యి' అని రెండుసార్లంటే? 10 కిలోలు. అది పోస్ట్. డిలీట్ కూడా ఐడెంపొటెంటే. 'ఆ సంచి బయట పడెయ్' అని రెండోసారి అంటే, 'సంచి లేదమ్మా' అంటారు. జవాబు మారింది, 404 వచ్చింది అనుకోండి. కానీ ఇల్లు మాత్రం మొదటిసారి తర్వాత ఎలా ఉందో అలాగే ఉంది. చూడాల్సింది జవాబు కాదు, ఇల్లు.

ఏంటమ్మా? వెనక ఎవరో ఏదో అంటున్నారు, గట్టిగా చెప్పండి. రొట్టెల పండగా? మన నెల్లూరు చెరువులో కోరికకో రొట్టె ఇచ్చిపుచ్చుకుంటారు, అదేగా? 'రొట్టె తీసుకుంటే గెట్, ఇస్తే పోస్ట్.' బలే చెప్పావు అబ్బాయ్. నవ్వకండి, బాగా చెప్పాడు. కానీ తప్పు! ఎందుకు తప్పు? స్వర్ణాల చెరువులో దిగావు. ఒకామె చేతిలో ఉద్యోగం రొట్టె ఉంది, నువ్వు తీసుకున్నావు. ఇంకా ఆమె దగ్గర ఆ రొట్టె ఉంటుందా? ఉండదు కదా. పైగా నీ మీద ఒక బాకీ పడింది, కోరిక తీరితే వచ్చే ఏడాది మళ్లీ వచ్చి రొట్టె ఇవ్వాలి. అంటే తీసుకున్నా పోస్టే, ఇచ్చినా పోస్టే. గట్టున నిలబడి ఎవరి చేతిలో ఏ రొట్టె ఉందో చూసుకుని ఇంటికెళ్తే, అది గెట్. గెట్ అంటే తెచ్చుకోవడం కాదు. పేరు చూసి మోసపోతాం మనం. నేను రాసుకొచ్చిన ఉదాహరణలన్నిటికంటే నీదే బాగుంది, ఇకనుంచి నేనూ వాడుకుంటాను.

ఇప్పుడు, ఈ 'చూసిపోతాను' అనే మాట మనం ఎవరికిస్తున్నాం? సర్వర్‌కి కాదు. సర్వర్ మనం రాసిందే. మధ్యలో ఉన్నవాళ్లకి ఇస్తున్నాం. బ్రౌజర్ ఉంది, ఒకసారి తెచ్చిన పేజీని దాచి ఉంచే క్యాష్ ఉంది, సెర్చ్ ఇంజిన్ రోబోలున్నాయి, వాట్సాప్‌లో లింకు పెడితే కింద బొమ్మ చూపించే ప్రివ్యూ ఉంది. వాళ్లందరూ గెట్ అంటే ఏమనుకుంటారు? ఎన్నిసార్లయినా అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు అనుకుంటారు. నిజంగానే అడుగుతారు కూడా.

2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అని ఒకటి తెచ్చింది. మీరప్పటికి పుట్టి ఉంటారో లేదో. పేజీలో ఉన్న లింకులని మీరు నొక్కకముందే తెచ్చిపెట్టుకుంటుంది, నొక్కగానే చటుక్కున చూపించడానికి. మంచి ఆలోచనే. కానీ కొన్ని వెబ్ అప్లికేషన్లలో 'తొలగించు' అన్నది మామూలు లింకు. లింకంటే గెట్. ఇది వరసగా అన్నీ తెచ్చుకుంటూ పోయింది, అక్కడ వరసగా అన్నీ డిలీట్ అవుతూ పోయాయి. ఎవరూ ఏమీ నొక్కలేదు! పెద్ద గొడవైంది. తప్పెవరిది అంటే నేను అప్లికేషన్లు రాసినవాళ్లదే అంటాను. చూసిపోతానని మాటిచ్చి, చెరిపేసి పోయారు.

పాత కథ అనుకోకండి. జాంగోలో లాగౌట్ పేజీ చాలా ఏళ్లు గెట్‌తో పనిచేసింది. 4.1లో 'ఇది వద్దు' అని హెచ్చరిక పెట్టి, 2023 డిసెంబర్లో వచ్చిన 5.0లో తీసేశారు. ఇప్పుడు పోస్టే చెయ్యాలి. అంతకుముందు ఎవడైనా వాడి పేజీలో బొమ్మ ట్యాగ్ పెట్టి, బొమ్మ అడ్రసు చోట మీ సైటు లాగౌట్ అడ్రసు రాస్తే? బ్రౌజర్ బొమ్మ అనుకుని తేబోతుంది, మీరు లాగౌట్ అయిపోయే అవకాశం ఉంది. మీ పాత ప్రాజెక్టులో లాగౌట్ లింకు 405 ఇస్తోందని ఎవరైనా తల పట్టుకుని ఉంటే, ఇదే కారణం.

సరే, కోడ్‌కి వద్దాం. తెర మీద చూడండి. ఫ్లాస్క్‌లో రూట్ రాస్తే, మీరేం చెప్పకపోతే అది గెట్‌కి మాత్రమే జవాబిస్తుంది. హెడ్, ఆప్షన్స్ తనే చూసుకుంటుంది. పోస్ట్ వస్తే 405. అంటే 405 తిట్టు కాదు, కాపలా. 'ఈ తలుపు చూసిపోయేవాళ్లకే' అంటోంది. జాంగోలో ఇది తిరగబడి ఉంటుంది. మామూలు ఫంక్షన్ వ్యూ, అంటే రిక్వెస్ట్ తీసుకుని జవాబిచ్చే ఫంక్షన్, రాస్తే ఏ మెథడ్ వచ్చినా లోపలికి రానిస్తుంది. కాపలా మనం పెట్టాలి. పైన రిక్వైర్ పోస్ట్ అని డెకరేటర్ పెట్టొచ్చు, లేదా క్లాస్ వ్యూ రాసి అందులో గెట్ అని ఒక ఫంక్షన్, పోస్ట్ అని ఒక ఫంక్షన్ రాసుకోవచ్చు. రాయని మెథడ్‌కి అదే 405 ఇస్తుంది.

ఎక్కువమంది రాసేది ఈ రకం. ఇఫ్ రిక్వెస్ట్ డాట్ మెథడ్ ఈక్వల్ ఈక్వల్ పోస్ట్. అయితే రిక్వెస్ట్ డాట్ పోస్ట్‌లో వచ్చిన డేటాతో ఫారం తయారుచెయ్. ఈజ్ వాలిడ్ అయితే సేవ్ చేసి రీడైరెక్ట్ చెయ్. ఎల్స్‌లో ఖాళీ ఫారం. చివర, ఇఫ్‌కీ ఎల్స్‌కీ బయట, ఎడమ పక్కకి వచ్చి, రిటర్న్ రెండర్. చూశారా, చివరి లైను ఎక్కడుందో? ఇందులో దారులు రెండనుకుంటాం, గెట్, పోస్ట్ అని. కాదు, మూడు. గెట్ వచ్చింది, ఖాళీ ఫారం చూపించాలి. పోస్ట్ వచ్చింది, డేటా బాగుంది, సేవ్ చేసి పంపించెయ్యాలి. పోస్ట్ వచ్చింది, డేటా బాగోలేదు. ఈ మూడోదాన్ని మర్చిపోతాం. ఆ చివరి రిటర్న్ పొరపాటున నాలుగు స్పేసులు కుడికి జరిగి ఎల్స్ లోపల పడిందనుకోండి, మీరు టెస్ట్ చేసినప్పుడు అంతా బాగానే ఉంటుంది, ఎందుకంటే మీరు కరెక్టుగా నింపుతారు. వాడేవాడు ఫోన్ నంబర్లో 9 అంకెలే కొడతాడు. అప్పుడు ఫంక్షన్ ఏమీ తిరిగివ్వదు, జాంగో 'వ్యూ రెస్పాన్స్ ఇవ్వలేదు, నన్ ఇచ్చింది' అని పడిపోతుంది. ఈ ఎర్రర్ చూడనివాళ్లు చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి లేదు!

ఇంకో రకం కూడా ఉంది. డేటా బాగోలేదని మళ్లీ కొత్త ఖాళీ ఫారం చూపించేవాళ్లు. ఇది నాకు వ్యక్తిగతంగా కోపం తెప్పిస్తుంది. 12 అంకెల ఆధార్ నంబరు, అడ్రసు, పుట్టిన తేదీ అన్నీ కొట్టి, పిన్‌కోడ్‌లో ఒక అంకె తప్పితే మొత్తం పోతుంది. మళ్లీ మొదటినుంచి. ఎన్ని చోట్ల చూడలేదు మనం? డేటాతో తయారైన ఆ ఫారాన్నే తిరిగి చూపించాలి. తప్పులు దాని ఒంటి మీదే రాసి ఉంటాయి.

ఒక చిన్న హెచ్చరిక. కొందరు మెథడ్ చూడకుండా 'ఇఫ్ రిక్వెస్ట్ డాట్ పోస్ట్' అని రాస్తారు, అంటే డేటా ఉంటే పోస్ట్ అనుకోవడం. పోస్ట్ వచ్చి కూడా అందులో డేటా ఖాళీగా ఉండొచ్చు. మెథడ్‌నే అడగండి.

పుట్, డిలీట్ ఫారంలో రాయొచ్చా అని పొద్దున ఒక అమ్మాయి అడిగింది. రాయొచ్చమ్మా, కాగితం ఏం చించుకోదు. కానీ హెచ్‌టీఎంఎల్ ఫారానికి వచ్చింది గెట్, పోస్ట్, ఇంకా డైలాగ్ అని పేజీలోనే ఉండిపోయేది ఒకటి. మెథడ్ ఈక్వల్ టు డిలీట్ అని రాస్తే బ్రౌజర్‌కి అర్థం కాదు. అర్థం కానప్పుడు ఎర్రర్ ఇస్తుందా? ఇవ్వదు. గప్‌చుప్‌గా గెట్ పంపుతుంది. అందుకే లారావెల్, రైల్స్ అనే ఫ్రేమ్‌వర్కుల్లో దొడ్డిదారి పెట్టారు. ఫారం పోస్ట్‌గానే వెళ్తుంది, లోపల కనపడని ఒక పెట్టెలో అండర్‌స్కోర్ మెథడ్ అనే పేరుతో 'డిలీట్' అని రాసి ఉంటుంది. ఫ్రేమ్‌వర్క్ అది చదివి, ఇది డిలీట్ అనుకుంటుంది. గమనించండి, పోస్ట్‌గా వచ్చినదానికే ఈ వేషం కట్టనిస్తారు. గెట్‌కి కట్టనిస్తే మళ్లీ 2005 కథే.

ఇక మన బస్తాల దగ్గరికి వద్దాం. నేను చేసిన తప్పేంటి? పోస్ట్ వచ్చింది, సేవ్ చేశాను, ఆ పోస్ట్‌కే జవాబుగా 'మీ ఆర్డర్ అందింది' అనే పేజీని రెండర్ చేశాను. పేజీ చూడ్డానికి బాగుంది. కానీ బ్రౌజర్ దృష్టిలో ఆ పేజీ పోస్ట్ వల్ల వచ్చిన పేజీ. రీఫ్రెష్ అంటే ఏంటి? ఈ పేజీ ఎలా వచ్చిందో అలాగే మళ్లీ తెప్పించు అని. ఎలా వచ్చింది? పోస్ట్‌తో వచ్చింది. మళ్లీ పోస్ట్. ఇంకో 40 బస్తాలు.

మందేంటంటే, సేవ్ చేశాక పేజీ ఇవ్వొద్దు, అడ్రసు ఇవ్వండి. 'ఆ కౌంటర్ దగ్గరికెళ్లి చూసుకో' అని. బ్రౌజర్ అక్కడికి గెట్‌తో వెళ్తుంది. ఇప్పుడు రీఫ్రెష్ కొడితే గెట్టే మళ్లీ వెళ్తుంది, వంద సార్లు కొట్టినా చూసిపోవడమే. పోస్ట్, రీడైరెక్ట్, గెట్ అంటారు దీన్ని. జాంగో రీడైరెక్ట్ మామూలుగా 302 ఇస్తుంది. పద్ధతి ప్రకారం ఇక్కడ ఇవ్వాల్సింది 303, 'వేరే చోట గెట్‌తో చూడు' అని దాని అర్థమే అది. 302 వస్తే బ్రౌజర్లు పోస్ట్‌ని గెట్ చేసేసుకుంటాయి, అది అలవాటుగా స్థిరపడిపోయింది కాబట్టి పని జరిగిపోతుంది. 307, 308 మాత్రం మెథడ్ మార్చవు. పోస్ట్ వస్తే అక్కడికీ పోస్టే పంపుతాయి. అవి ఇక్కడ వాడితే మొదటికే మోసం.

ఆ అలవాటు వల్లే ఇంకో చోట దెబ్బ తింటాం. జాంగోలో ఫారం యాక్షన్ అడ్రసు చివర స్లాష్ మర్చిపోయారనుకోండి. జాంగో 'స్లాష్ ఉన్న అడ్రసుకి వెళ్లు' అని రీడైరెక్ట్ చేస్తుంది, బ్రౌజర్ గెట్‌తో వెళ్తుంది, మీ డేటా దారిలో పడిపోతుంది. ఖాళీ ఫారం మళ్లీ ప్రత్యక్షం. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. డీబగ్ ఆన్‌లో ఉంటే జాంగో ఆగి చెప్తుంది, అసలు సర్వర్ మీద చెప్పదు.

మరి రీడైరెక్ట్ పెట్టాక ఆయన బస్తాలు సరిపోయాయా? సరిపోయాయి, రెండు నెలలు. తర్వాత మళ్లీ ఒకటి డబుల్ వచ్చింది. ఈసారి ఆయన నిజంగానే బటన్ రెండుసార్లు నొక్కాడు, మొదటి నొక్కుడికి జవాబు రాకముందే. రీడైరెక్ట్ దాన్ని ఆపలేదు. అందుకని ఫారం చూపించేటప్పుడే లోపల ఒక నంబరు పెట్టాను, ప్రతి ఫారానికీ వేరే నంబరు. డేటాబేస్‌లో ఆ కాలమ్ యూనిక్. అదే నంబరుతో రెండో ఆర్డర్ వస్తే ఇన్సర్ట్ అవదు, మొదటి ఆర్డర్ పేజీకే పంపేస్తాను. బటన్‌ని జావాస్క్రిప్ట్‌తో డిజేబుల్ చెయ్యొచ్చు కదా సార్ అంటారు. చెయ్యండి, మంచిదే, కానీ దాన్ని నమ్ముకోకండి.

సీఎస్ఆర్ఎఫ్ టోకెన్, అంటే ఫారం మన సైటు నుంచే వచ్చిందని చూపే రహస్య గుర్తు, దాని గురించి టైమ్ లేదు, ఒక్క ముక్క. జాంగోలో టోకెన్ లేకపోతే 403, లారావెల్లో 419. అది విసుగ్గా ఉందని ఎగ్జెంప్ట్ పెట్టి ఆ తనిఖీ తీసెయ్యకండి. గెట్ ఫారంలో మాత్రం టోకెన్ పెట్టొద్దు, అడ్రసులోకి ఎక్కి కూర్చుంటుంది. మరి గెట్‌ని టోకెన్ ఎందుకు అడగదు ఫ్రేమ్‌వర్క్? చూసిపోతానన్నాడు కదా, అందుకు. మీరు గెట్‌లో డబ్బు బదిలీ రాస్తే ఆ కాపలా మీకు లేదు.

ప్రశ్నలా? అడుగు బాబూ. 'అయితే అన్నీ పోస్టే పెట్టేస్తే గొడవ లేదు కదా సార్?' మంచి ప్రశ్న. నేను కూడా బస్తాల దెబ్బకి కొన్నాళ్లు అదే చేశాను. ఊరు, కౌంట్ ఎంచుకుంటే ఇవాళ్టి రొయ్యల ధర చూపించే పేజీ ఒకటుంది, దాన్ని కూడా పోస్ట్ చేశాను. రైతు లింకు కాపీ చేసి బామ్మర్దికి వాట్సాప్ చేస్తే, అవతల ఖాళీ ఫారం తెరుచుకుంది. ఊరు, కౌంట్ అడ్రసులో లేవు కదా! వెనక్కి బటన్ నొక్కితే మళ్లీ పంపమంటారా అని బ్రౌజర్ అడగడం ఒకటి. వెతకడం, వడపోయడం గెట్టే. ఫైల్ అప్‌లోడ్ మాత్రం పోస్టే, ఫారం ట్యాగులో ఎన్‌కోడింగ్ మల్టీపార్ట్ అని పెట్టి. గెట్ పెడితే ఫైలు రాదు, ఫైలు పేరు మాత్రం వస్తుంది.

ఇంకొకటి. మెయిల్లో పంపే కన్ఫర్మ్ లింకా? అవును, లింకంటే గెట్టే, వేరే దారి లేదు. కొన్ని మెయిల్ సర్వర్లు వైరస్ ఉందేమోనని లింకుని ముందే తెరిచి చూస్తాయి, మనిషి చూడకముందే కన్ఫర్మ్ అయిపోతుంది. లింకు తెరిస్తే ఒక పేజీ రావాలి, అందులో 'అవును, నేనే' అని ఒక బటన్ ఉండాలి, ఆ బటన్ పోస్ట్ చెయ్యాలి.

మేత దుకాణం ఆయనా? ఇప్పుడూ ఆ ఫారమే వాడుతున్నాడు. డబుల్ మళ్లీ రాలేదు. కానీ పెద్ద ఆర్డర్ ఏదైనా నొక్కితే నాకింకా ఫోన్ వస్తుంది. 'అబ్బయా, ఒకటే పోయిందా?' అని.